గుంపులో నడిచే విద్య

ఆ వీధిలో ఎవరు ఊరేగింపుకు బయల్దేరినా ముందు టైలరు కొట్టు మెట్టెక్కాల్సిందే. గుంపులో నడవడమనే శాస్త్రానికి ఆయన పీఠాధిపతి. వచ్చినవాళ్ళు బల్ల మీద సర్దుకున్నాక, మెడలో టేపు సవరించుకుని ఉపదేశం మొదలుపెట్టేవాడు. వదులు చెప్పులు పనికిరావు, లేసులున్న బూట్లే వెయ్యాలి. మెళ్ళో ఏదీ వేలాడకూడదు. నడిమధ్యకి దూరకుండా అంచున నడవాలి. ఒత్తిడి పెరిగితే ఎదురీదకుండా ఏటవాలుగా పక్కకి జరగాలి. చేతులు రొమ్ముకి అడ్డంగా పెట్టుకుంటే ఊపిరికి చోటుంటుంది. ఫోన్లు పలకవు కాబట్టి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవాలి. కిందపడ్డ వస్తువు కోసం ప్రాణం పోయినా వంగకూడదు. వంగితేనే కదండీ పోయేదని ఓ తాపీమేస్త్రీ సవరించాడు.

ఇంత విద్య ఉన్నవాడు మాత్రం పదిమంది గుమిగూడిన చోటికి వెళ్ళడు. బజారు ఖాళీ అయ్యాక వెళ్ళి వాడిపోయిన కూరలు తెస్తాడని భార్య దెప్పుతూనే ఉంటుంది.

కారణం వీధికంతా తెలుసు. ఒకప్పుడు మిల్లు కార్మికుల ఊరేగింపుకి ఒకే రంగు గుడ్డతో అందరికీ నీలం చొక్కాలు కుట్టింది ఈయనే. మనవాళ్ళని ఇట్టే గుర్తుపట్టొచ్చన్న దివ్యమైన ఆలోచనా ఈయనదే. తమ్ముడితో పాటు తనూ ఆ గుంపులో నడిచాడు. ఇరుకు సందు మొగలో తొక్కిసలాట మొదలైంది. వెనకే ఉన్న తమ్ముడి కోసం చెయ్యి చాచి, తను కుట్టిన నీలం చొక్కా చేతిని దొరకబుచ్చుకుని, సందులోంచి అవతలికి లాక్కుపోయాడు. తిరిగి చూస్తే వెంట ఉన్నది ఎవరో అద్దకం పనివాడు. తమ్ముడు సాయంత్రానికి దొరికాడు, ఊపిరి లేకుండా.

అద్దకం పనివాడు మేలు మరిచే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. అప్పట్నుంచీ చిరిగినవీ చిరగనివీ అన్నీ ఇక్కడికే తెస్తాడు. వస్తూనే "అన్నా" అంటాడు. ఆ పిలుపుకి మిషను మీద టైలరు కాలు ఆగిపోతుంది. వెంటనే తలెత్తడు. తలెత్తేదాకా అది ఎవరి గొంతైనా కావచ్చు.

టైలరు కూతురు ఆస్పత్రిలో నర్సు. ఈసారి నర్సులంతా ఆ ఇరుకు సందు దారినే ఊరేగింపు తీస్తున్నారు. వెళ్ళొద్దనలేడు, వెళ్ళమనడానికి నోరు రాదు. అందుకని ముందురోజు మధ్యాహ్నం పాఠం మళ్ళీ మొదట్నుంచీ అందుకున్నాడు. అద్దకం పనివాడు ప్యాంటు కోసం బల్ల మీద కూర్చునున్నాడు.

"అంతా కంఠతా వచ్చు నాన్నా. మధ్యలో నువ్వెక్కడ దగ్గుతావో కూడా వచ్చు," అంది కూతురు.

టైలరు కత్తెర కింద పెట్టాడు. "ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఎవరి చెయ్యి పట్టుకున్నా మొహం చూసి పట్టుకో."

కూతురు సూటిగా అడిగింది. "చూసుంటే ఏం చేసేవాడివి? బాబాయి కాదని వదిలేసేవాడివా?"

టైలరు బల్ల వైపు చూడలేదు. "వదిలేసేవాణ్ణి."

అద్దకం పనివాడు రంగు దిగని గోళ్ళ వంక చూసుకున్నాడు. "తెలుసన్నా. ఆ రోజు వెనక్కి తిరిగి చూశావే, అప్పుడే తెలిసింది. అయినా ఇక్కడికే వస్తున్నాను. ఇంకెక్కడికి పోను?"

తర్వాత, రేపు అమ్మాయి వెంట తాను వెళ్తానన్నాడు. టైలరు వద్దన్నాడు, కోపంగా ఏమీ కాదు. తప్పిపోతే ఆ సందులోకే రమ్మని కూతురికి చెప్పాడు. ఇరుకు చోట నిలబడొద్దని నువ్వేగా చెప్తావని ఆమె గుర్తుచేసింది. మొగలో కాదు, అవతలి చివర, ఖాళీగా ఉండే చోట, ఊరేగింపులో ఆఖరి మనిషి దాటేదాకా తనే నిలబడి ఉంటానన్నాడు.

కూతురు సరేనంది. ఆ సందులోంచి తను కాక ఇంకెవరొస్తారని చూస్తాడో ఆమె అడగలేదు.