చెయ్యి విరిగిన ఏడాది

అద్దాల వ్యాపారి పికప్ బండి ఏడాదిలోపే మూడోసారి మేస్త్రి షెడ్డు ముందు ఆగింది. వ్యాపారి దిగి తలుపు ధడాలున వేశాడు. ఇరవయ్యేళ్ల పరిచయంలో మేస్త్రి అంతటి చప్పుడు ఎన్నడూ వినలేదు.

“బావా, బ్రేకు తొక్కితే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. నిన్న మేక అడ్డమొచ్చిందని తొక్కాను, వెనక నిలువుటద్దం రెండు ముక్కలైంది. నువ్వు బాగుచేశాక నెల రోజులు వెన్నలా ఆగుతుంది. తర్వాత మళ్లీ మామూలే.”

“ఈసారి మొదట్నించీ చూస్తాను.”

“చూడు. మళ్లీ వణికిందంటే మాత్రం మొహమాటపడను. రోడ్డు చివర కొత్త వర్క్‌షాపుకి పోతాను.”

వాళ్లిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పిలుపు మాత్రం కుదిరిపోయింది. వ్యాపారి పోతే పోయేది ఒక్క బేరమే కాదు. ఆ వీధిలో ఇంజన్లు చూసేవారు నలుగురున్నా, బ్రేకుల సంగతి వచ్చేసరికి ఆ నలుగురూ బళ్లను మేస్త్రి దగ్గరికే పంపేవారు. ముప్ఫయ్యారేళ్ల ఆ పేరు ఇప్పుడు ఈ ఒక్క బండి మీద ఆధారపడి ఉంది.

మేస్త్రి బండిని గిడ్డంగుల వెనక ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. పెడల్ తొక్కితే స్టీరింగు వణికింది, సీటు వణకలేదు. పెడల్ వదిలేసి చేతిబ్రేకు మెల్లగా లాగాడు. బండి కిమ్మనకుండా ఆగింది. చేతిబ్రేకు పట్టేది వెనక చక్రాల డ్రమ్ములనే. అంటే అవి నిర్దోషులు. షెడ్డుకొచ్చి ముందు చక్రాలను జాకీ మీద లేపి, పైనా కిందా పట్టి ఊపాడు. బేరింగుల్లో వదులు లేదు. చక్రాలు విప్పి, బ్రేకు పట్టే డిస్కులను కొలిస్తే ఒకచోట మందం, ఒకచోట పలచన. గతంలో రెండుసార్లూ కనబడింది ఇదే. అప్పటిలాగే లేత్ మిషన్ మీద చదును చేయించి తెచ్చాడు. రోగమేమిటో తెలిసింది. ఎందుకు తిరగబెడుతోందో తెలియలేదు.

షెడ్డు వెనకే ఇల్లు. భోజనానికి వెళ్లి పరధ్యానంగా కంచం కెలుకుతుంటే, కుట్టుమిషన్ ముందు కూర్చున్న భార్య కళ్లజోడు పైనుంచి చూసింది.

“కంచంలో డిస్కులేమైనా కనబడుతున్నాయా?”

సంగతి చెప్పాడు. ఆవిడ దారం కొరికి, తీరుబడిగా అంది: “మీ చెయ్యి విరిగిన ఏడాది ఒక్క బండి తిరిగి రాలేదు.”

“ఆ ఏడాది నేను సగం మనిషిని. ఎన్ని బళ్లు చేశానని?”

“ఎన్నైతేనేం? ఈ అద్దాల అన్నయ్య బండికే అప్పుడు కొత్త డిస్కులేశారు. మూడేళ్లు ఇటు తొంగిచూడలేదు. సగం మనిషి చేసిన పని నిలబడింది, పూర్తి మనిషిది నిలబడట్లేదు. ఎందుకో మీరే ఆలోచించుకోండి.”

మేస్త్రి నవ్వి కొట్టిపారేద్దామనుకున్నాడు. తిరిగొచ్చిన బళ్లకు ఇన్నాళ్లూ గుంతల రోడ్లే కారణమనుకునేవాడు. కానీ బండి ఒకటే, మనిషి ఒకడే. మారింది చెయ్యి ఒక్కటే. ఆ ఏడాది కుడిచెయ్యి మెడకు వేలాడుతుంటే ఎడంచేత్తో చక్రాల నట్లు బిగించాడు. బలం చాలక, ఒక నట్టు కాస్త తిప్పి, అలుపు తీర్చుకుని, ఎదురుగా ఉన్నది కాస్త తిప్పి, మళ్లీ మొదటి దానికి వచ్చేవాడు.

అచ్చం తనకు పని నేర్పిన గురువుగారి పద్ధతి!

గురువుగారి షెడ్డు గుర్తొచ్చింది: రేకుల కప్పు, కిరసనాయిలు చల్లిన రంపపుపొట్టుతో ఊడ్చిన నేల, గోడ మీద వరసగా స్పానర్లు. పని నేర్చుకునే రోజుల్లో మేస్త్రి తన స్పానరుకి మూరెడు గొట్టం తొడిగి, దాని మీద నిలబడి నట్లు బిగించేవాడు. తోటివాళ్లు ‘ఉక్కుపిడి’ అని పేరు పెడితే పొంగిపోయాడు. గురువుగారు మాత్రం, “చక్రంతో కుస్తీ దేనికిరా, అది నీకు పగదా?” అనేవారు. ముసలాయన జబ్బసత్తువ తగ్గి అలా అంటున్నాడనుకున్నాడు.

ఒక సాయంత్రం మరచిపోయిన టిఫిను డబ్బా కోసం వెనక్కి వెళ్లాడు. గురువుగారు ఒంటరిగా కింద మోకాళ్ల మీద కూర్చుని, అతడు బిగించిన నట్లన్నీ వదులుచేసి, ఒక్కొక్కటే మళ్లీ బిగిస్తున్నారు. తన పని మీద నమ్మకం లేదన్నమాట! రోషం పొడుచుకొచ్చింది. మర్నాటి నుంచి ఆ షెడ్డు ముఖం చూడలేదు. నెల తిరక్కుండా సొంత షెడ్డు పెట్టాడు. గురువుగారు పోయేదాకా ఇద్దరి మధ్యా ముక్తసరి పలకరింపులే.

మేస్త్రి చెయ్యి కడుక్కుని షెడ్డుకి నడిచాడు. చక్రం తొడిగి, అలవాటు ప్రకారం గొట్టంతో బిగించాడు. డిస్కు లోపలి వైపు వంకరను చూపే ముల్లు గేజీ ఆనించి చక్రాన్ని తిప్పాడు. అప్పుడే చదును చేసిన డిస్కు. అయినా ముల్లు అటూ ఇటూ ఊగింది. నట్లు వదులుచేసి, గొట్టం పక్కన పడేసి, ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించి తిప్పాడు. ముల్లు దాదాపు కదల్లేదు. ఒకసారికి కాకతాళీయం అనుకోవచ్చు. మూడుసార్లు చేశాడు, రెండో చక్రానికీ చేశాడు. ప్రతిసారీ అదే తీర్పు. తన బిగింపుకే డిస్కు వంకర పోతోంది. ఆ వంకరకే నెల రోజుల్లో ఒకవైపు అరుగుతోంది.

ఆ సాయంత్రం గురువుగారి మోకాళ్ల కింద పరచుకున్న గోనెపట్టా గుర్తొచ్చింది. ఎన్ని సాయంత్రాలు అలా కూర్చున్నారో! శిష్యుడి పేరు చెడకుండా కాపాడారు, శిష్యుడికి తెలియనివ్వలేదు.

మర్నాడు వ్యాపారి వచ్చాడు. “ఏమంటోంది నా రోగిష్టిది?”

“బండి తప్పు కాదు బావా. నా చేతి తప్పు. నట్లు మితిమీరి బిగించి నేనే డిస్కులు పాడుచేశాను.”

టీ తాగుతున్న పక్క షెడ్డువాళ్లు ఇద్దరు తలలెత్తారు. మేస్త్రి గొంతు తగ్గించలేదు.

“ఇన్నాళ్లూ నా అద్దాలు పగలగొట్టింది నువ్వా?”

“నేనే.”

వ్యాపారి గడ్డం గోక్కున్నాడు. “ఇంకొకడైతే తప్పు రోడ్డు మీదికో, నా కాలి మీదికో తోసేసేవాడు. సర్లే, తాళం ఇటివ్వు.”

“ఇవాళ బాగా ఆగిందని మెచ్చుకోకు. ప్రతిసారీ ఇవాళ బాగానే ఆగింది. మూడు నెలలు గడిచాక చెప్పు.”

బండి వెళ్లగానే, గడిచిన ఏడాదిలో తాను చక్రాలు బిగించిన వాళ్లందరికీ మేస్త్రి వరసగా ఫోన్లు చేశాడు. ఒకసారి తీసుకురండి, నట్లు మళ్లీ బిగించాలి, పొరపాటు నాదేనని చెప్పాడు. కొందరు తిట్టారు. ఎక్కువమంది వచ్చారు.

నాలుగో నెలలో ఒక ఉదయం పికప్ బండి నిండా అద్దాలతో వేగంగా వచ్చి షెడ్డు ముందు బ్రేకు వేసింది. వ్యాపారి స్టీరింగు వదిలేసి రెండు చేతులూ గాల్లోకి ఎత్తి చూపించాడు. బండి గీత గీసినట్టు తిన్నగా ఆగుతోంది.

“చేతులు దించి స్టీరింగు పట్టుకో బావా!” అని అరిచాడు మేస్త్రి. “ఇప్పుడు పగిలితే ఆ పాపం నాది కాదు!”