రెండు సైజుల జత

చెప్పుల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆయన్ని అందరూ పాదాల బాబాయ్ అనేవారు. ఎవరొచ్చినా ముందు కాళ్లు చూసి, ఆ తర్వాతే తలెత్తేవాడు. పొద్దుటి పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది. ఒకే మనిషికైనా రెండు పాదాలూ ఒకేలా ఉండవు. చరిత్ర కిరీటాల గురించి పేజీలకు పేజీలు రాసుకుంది గానీ, సైనికుల కాళ్లు కొలిచినవాళ్ల ఊసెత్తలేదు.

ఒక మామ్మగారికి ఎడమకాలు ఆరు, వాచిన కుడికాలు ఏడు. బాబాయ్ రెండు డబ్బాలు విప్పి ఆమెకు జత కలిపేవాడు. మిగిలినవి, ఎడమకాలు పెద్దదైన ఒక టీచరమ్మకు సరిపోయేవి. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎరగరు.

ఇంతలో దుకాణం నడిపే కంపెనీ యాప్ తెచ్చింది. 'ఇక్కడ తొడిగి చూడండి, ఫోన్‌లో కొనండి, పావు వంతు తగ్గింపు' అని దుకాణం అద్దానికే అంటించారు. పనివాళ్లు రోజుకు పదిమంది ఫోన్లలో యాప్ ఎక్కించాలి. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. మెత్తటి మాట గల బాబాయ్ అందరికంటే ముందున్నాడు. జనం స్టూలు మీద కూర్చుని తొడిగి చూసి, అక్కడే ఫోన్‌లో నొక్కి, ఖాళీ చేతులతో వెళ్లిపోయేవారు.

ఒక సాయంత్రం మామ్మగారు వచ్చింది.

"ఏం నాయనా, నా వంకర జత ఉందా?"

"మీకోసం దాచే ఉంచా మామ్మగారూ."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్, ఇవాళ తొమ్మిదే."

బాబాయ్ చేతిలోని డబ్బాలు మళ్లీ అరలోకి వెళ్లాయి. "మీ ఫోనొకసారి ఇటివ్వండి. అందులో చవగ్గా వస్తాయి."

"నాకేం తెలుసు, నువ్వెలా చెబితే అలా."

యాప్‌లో జతకు ఒకటే సైజు. ఏడు నొక్కాడు. "ఎడమది కాస్త వదులవుతుంది, దూది పెట్టుకోండి."

"నా కాళ్ల సంగతి నాకంటే నీకే తెలుసులే."

నెల తిరక్కుండా, అమ్మకాలు లేవని దుకాణం ఎత్తేశారు. అమ్మకాలన్నీ యాప్ ఖాతాలో పడ్డాయి మరి.

"యాప్ ఎక్కించడంలో మీరే ఫస్టు బాబాయ్, సర్టిఫికెట్ వచ్చింది," అన్నాడు మేనేజరు.

"ఎక్కడ తగిలించమంటావు? రేపటికి గోడ మనది కాదుగా."

అరలు ఖాళీ చేస్తుండగా మామ్మగారి మనవరాలు డబ్బాతో వచ్చింది.

"మెట్ల మీద చెప్పు జారి మామ్మకు తుంటి విరిగింది. ఇంక నడవలేదని డాక్టర్లన్నారు. వీటిని వెనక్కి తీసుకుంటారా?"

"యాప్‌లో కొన్నవి ఇక్కడ తీసుకోరమ్మా."

"సరేలెండి. దూది పెట్టుకున్నానని మీకు చెప్పమంది."

బాబాయ్ మూత తీశాడు. ఎడమ చెప్పులో దూది శుభ్రంగా మడిచి ఉంది. వెనక అరలో ఆరూ ఏడూ డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి.