మూడో పొయ్యిరాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కారూ చిన్నాయనదే, కోపమూ చిన్నాయనదే. రెండిటికీ బ్రేకు లేదని ఊళ్లో వాళ్లు నవ్వుకునేవాళ్లు, అదీ ఆయన చెవిన పడనంత దూరంలో ఉన్నప్పుడు. మాది తమిళనాడులో, ధర్మపురి జిల్లా వెల్లిచందై పక్కన చిన్న ఊరు, టమాటా పండించే తెలుగు కుటుంబం. ఎవరో వాడి వదిలేసిన ఆ తెల్లకారును చిన్నాయన కొని తెచ్చిన రోజు ఊరంతా వచ్చి చూసింది. ఓనరన్న మాటే గాని ఆయనకు స్టీరింగు పట్టడం రాదు. అందుకే ఒక డ్రైవరన్నను పెట్టుకున్నాడు.

దాని హ్యాండ్ బ్రేకు తీగ తెగి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. గేరులో పెట్టి నిలిపినా మిట్టల్లో గేరు దానంతటదే జారిపోయేది. చేయించమని డ్రైవరన్న అడిగినప్పుడల్లా చిన్నాయన జవాబు ఒకటే, రాయి ఉంది కదరా అని. పాపం, డ్రైవరన్న తన జాగ్రత్తలో తానుండేవాడు. మిట్టలో నిలపాల్సి వస్తే, కారు జారినా గట్టుకే ఆనుకునేట్టు ముందు చక్రాలను ఆ పక్కకు తిప్పేవాడు. తర్వాత వెనక చక్రం కింద రాయి పెట్టి మడమతో గట్టిగా తన్ని బిగించేవాడు. మేం పిల్లలం కూడా వెళ్లి తలా ఒక తన్ను తన్ని వచ్చేవాళ్లం.

చిన్నాయన కొడుక్కు చెవులు కుట్టించడానికి మునియప్ప గుడికి పోయాం. మొక్కుకున్న పొట్టేలు కూడా మాతోనే వచ్చింది. గుడి గులకరాళ్ల మిట్ట మీద ఉంటుంది. డ్రైవరన్న ఎప్పట్లాగే చక్రాలు గట్టు వైపు తిప్పి, కారును కాస్త వాలుగా నిలిపాడు. చిన్నాయనకు ఒళ్లు మండింది. మావాళ్లు మునియప్ప దగ్గరికి పోతే బండికి కూడా పూజ చేయిస్తారు, బండి సామిని నేరుగా చూడాలి.

"సామి ముందర వంకరగా నిలపతావేందిరా? నేరుగా పెట్టు!"

డ్రైవరన్న మళ్లీ ఎక్కాడు. కారు నేరుగా తిరిగింది, ముక్కు సామి వైపు, తోక పల్లం వైపు. ఇక దాన్ని ఆపుతున్నది డ్రైవరన్న వెనక చక్రం కింద తన్ని బిగించిన రాయి ఒక్కటే. పూజారి కర్పూరం వెలిగించి, నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది చక్రాలకు పిండాడు. ఆ ఎర్రనీళ్లు రాయి మీదికి కూడా కారాయి.

కింద పొయ్యి పెట్టడం చిన్నమ్మ వంతు. మాకన్నా ముందొచ్చిన మొక్కుబడి వాళ్లు మంచి రాళ్లన్నీ ఏరుకుపోయారు. చిన్నమ్మకు రెండే దొరికాయి. పైనుంచి చిన్నాయన అరుపులు, ఇంకా పొయ్యి అంటించలేదా, పొద్దు పోయేదాకా అక్కడే కూర్చుంటావా అని. ఆ గొంతు వింటే చాలు, ఆమె ముందూ వెనకా చూసుకునేది కాదు. కట్టెపుల్లలు ఏరుకుని నేను తిరిగి వచ్చేసరికి మూడో రాయి కూడా వచ్చింది, పొయ్యి అంటుకుంది, ఎసరు పెట్టేసింది. హమ్మయ్య అనుకున్నాను.

చక్రం గులకల్లో కాస్త దిగి ఉండబట్టి కారు వెంటనే కదల్లేదు. చిన్నాయన డిక్కీ తెరిచి పెద్ద గుండిగ దించి, విసురుగా దబ్బున మూశాడు. అప్పుడు కదిలింది. మొదట మెల్లగా, ఎవరో తోస్తున్నట్టు. తర్వాత గులకలు ఎగరగొడుతూ దిగిపోయింది. కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్న డ్రైవరన్న పరుగెత్తి వచ్చి, తలుపు తెరిచి, స్టీరింగు పట్టుకుని దాని వెంబడి కాళ్లు ఈడ్చుకుంటూ పోయాడు. పల్లంలో వరసగా వేరే కుటుంబాల పొయ్యిలు, పిల్లలు. వాటి మీదికి పోకుండా రాతికట్ట వైపు తిప్పగలిగాడు. కట్ట పక్కన మా తాత కూర్చుని ఉన్నాడు, పొట్టేలు తాడు చేతికి చుట్టుకుని.

పొట్టేలు అరవను కూడా అరవలేదు, కట్టకూ కారుకూ నడుమ నలిగిపోయింది. తాత అరిచిన అరుపు మాత్రం నేను చచ్చేదాకా మరువను. మోకాలి కింద ఎముక తెల్లగా బయటికి వచ్చింది.

చిన్నాయన కట్టెల కుప్పలోంచి ఒక మొద్దు లాగాడు. తండ్రి నెత్తురు చూసిన మనిషి, ఇక మాట ఎక్కడ వింటాడు? మొదటి దెబ్బ డ్రైవరన్న వీపు మీద పడింది, రెండోది తల మీద పడబోతే అతను ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. "రాయి పెట్టినానన్నా! మునియప్ప సాచ్చిగా పెట్టినా!" అని అతను మొత్తుకుంటూనే ఉన్నాడు. అంతలో ముక్కూ మొహం తెలియని మొగవాళ్లు చుట్టుపక్కల పొయ్యిల దగ్గర్నుంచి లేచి వచ్చారు. ఒకడు చెప్పుతో, ఒకడు తాడుతో, ఒకడు ఉత్త కాలితో. ఏం జరిగిందో తెలియని వాళ్లే ఎక్కువ గట్టిగా కొట్టారు. డ్రైవరన్న పళ్లన్నీ ఎర్రగా అయిపోయాయి. చిన్నాయన మొద్దు పారేసి, పొట్టేలు కోసం తెచ్చిన కత్తి అందుకున్నాడు.

ఏడుస్తూ ముఖం తిప్పుకుంటే మా పొయ్యి కనిపించింది. మూడో రాయి మీద కుంకుమ. అక్కడే నిలబడి ఉన్న చిన్నమ్మ కూడా దాన్నే చూస్తోంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాయిని రాయనుకునే తీసింది పిచ్చితల్లి, ఆ అరుపుల కంగారులో. నాకంతా అర్థమైంది. డ్రైవరన్నను కాపాడాలని నోరు తెరిచాను.

తాత కాలికి తన కొంగు చింపి కట్టు కడుతున్న మా అవ్వ ఎప్పుడు చూసిందో, ఎప్పుడు లేచిందో! నా నోటి మీద ఫట్టుమని చెయ్యి వేసి మూసింది. నా పెదవి పళ్లకు కోసుకుని ఉప్పగా తగిలింది. వెంటనే పొయ్యి దగ్గరికి పోయి ఆ రాయిని లాగేసింది. ఎసరు బోర్లాపడి నీళ్లు బుస్సుమన్నాయి. కాలుతున్న రాయిని చీర మడతలో పట్టుకుని పోయి, కొడుక్కూ డ్రైవరన్నకూ నడుమ పడేసింది.

"ఈ రాయి నేనే ఎత్తినా! పొయ్యికి చాల్లేదు, ఎత్తినా. ఊ, నరుకు! ముందర నన్ను నరుకు, ఆనెక బ్రేకు చేయించని ఓనర్ని నరుకు!"

చిన్నాయన కత్తి జారింది. కొట్టినవాళ్లు పంచెలు సర్దుకుంటూ ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లు పోయారు. ఒక్కడు కూడా డ్రైవరన్నను లేపలేదు. అవ్వే లేపింది, కాలిన చేతులతో.

నూటెనిమిది అంబులెన్సు బండ్లు ఇంకా రాని రోజులవి. వెనక భాగం నలిగినా ఇంజను పలికింది. తాతను ధర్మపురి పెద్దాసుపత్రికి చేర్చాలంటే కారు తోలగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడి ఎడమ చెయ్యి వేలాడుతోంది, గేరేమో ఎడమ పక్కన. డ్రైవరన్న కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, పక్క సీటు చూపించి, చిన్నాయనను కూర్చోమన్నాడు.

"ముందరికి తొయ్యన్నా." కాసేపటికి, "ఇప్పుడు ఎనక్కి లాగన్నా."

దారంతా అంతే. అతను చెప్పడం, చెయ్యి విరగ్గొట్టిన మనిషి ఆ చెప్పినట్టు గేరు మార్చడం. చిన్నాయన వెక్కి వెక్కి ఏడుస్తూనే మార్చాడు. డ్రైవరన్న నోటి నుంచి ఒక్క తిట్టు రాలేదు.

వెనక సీట్లో తాత కాలు ఒళ్లో పెట్టుకున్న అవ్వ నా చెవిలో చెప్పింది. "నీ చిన్నమ్మ పేరు చెప్పింటే ఆ కత్తి ఈ పక్కనుంచి ఆ పక్కకు తిరిగేది, అంతే పాపా. నన్నైతే వాడు కొట్టలేడు. అందుకని నేను."

తాత కాలు కురచైంది. డ్రైవరన్న మణికట్టు వంకరగా అతుక్కుంది. చిన్నాయన బ్రేకు చేయించి ఎన్నిసార్లు కబురు పెట్టినా అతను మళ్లీ మా గడప తొక్కలేదు, తొక్కకపోవడమే న్యాయం. అవ్వకు మాత్రం ఆ నింద బతికినన్నాళ్లూ ఉండిపోయింది. నా కాలు ఇరిచిన మహాతల్లీ అని తాత మురిపెంగా పిలిచేవాడు. ఇంకో కాలు కూడా ఉంది, జాగ్రత్త అని అవ్వ అనేది. ఆయనకు నిజం తెలుసనే నా అనుమానం.

ఇప్పుడు తాతా లేడు, అవ్వా లేదు. మా ఇంటి పిల్లలకు నేనే పెద్దదాన్ని, కారూ నేనే నడుపుతాను. మిట్టలో నిలిపితే హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో పెట్టి, చక్రాలు గట్టు వైపు తిప్పుతాను. మునియప్ప ముందరైనా సరే, వంకరగానే. నేను చెప్పకముందే చిన్నాయన దిగి రాయి పెడతాడు. ముసలివాడైపోయాడు, అయినా అందరం తిని లేచేదాకా ఆ రాయి మీద కాలు ఆనించుకుని నిలబడతాడు. ఎవరి ఇంట్లోనైనా చెయ్యి లేస్తే నేను అడ్డం పోయి, తప్పు నాదే, నన్ను అడగండి అంటాను. నిజమెంతో తర్వాత, లేచిన చెయ్యి దిగాక తీరిగ్గా చూసుకోవచ్చు.

చిన్నాయనకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. కుప్పంలో కాపురానికి వచ్చాక నేను నేర్చుకున్నాను, ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను. మీలో ఎవరైనా మా ఊరి పక్కకు పోతే ఆయనకు చదివి వినిపించకండి. చిన్నమ్మ ఇంకా ఆయనకే వండిపెడుతోంది. ఆ రాయి తీసింది మా అవ్వే.