మా అత్తగారు తెంపని పట్టీ

నా ఎడమ భుజం మీద ఒకచోట చర్మం నల్లబడి ఉంటుంది. బ్యాగు పట్టీకి వేసిన మోటుకుట్టు ఏళ్ళ తరబడి ఒరుసుకుని పడిన మచ్చ అది. ఎవరైనా అడిగితే ఆట వల్ల వచ్చిందంటాను. నిజానికి అది నేను చేసిన ఒక తప్పు వల్ల వచ్చింది. ఆ తప్పు చేసినప్పుడు మా పాప ఒకటో తరగతి చదువుతోంది. ఇప్పుడు దానికి నా చెప్పులు సరిపోతున్నాయి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడానికి నోరు పెగులుతోంది.

తిరువూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆటల మనిషిని కాను. ఒకసారి సెలవుల్లో ఫోన్‌లో ఏదో చూస్తుంటే డిస్క్ గోల్ఫ్ అనే ఆట కంటపడింది. టిఫిన్ పళ్ళెమంత ప్లాస్టిక్ డిస్కును విసిరితే అది దూరంగా గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడాలి. అంతే ఆట. చెట్ల మధ్య ఆడతారు, ఒక్కడే కూడా ఆడుకోవచ్చు. నాకు పిచ్చి పట్టింది. గంపలగూడెం రోడ్డులో నా స్నేహితుడి మామిడితోట ఉంది, కాపు అయిపోయాక అటు ఎవరూ రారు. వెల్డింగ్ షాపులో బుట్ట చేయించి, గేదెల్ని కట్టే గొలుసులు కొని దానికి వేలాడదీశాను. గొలుసులు అమ్మినాయన ఎన్ని గేదెలున్నాయండీ అని అడిగాడు. ఒక్కటీ లేదన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఊళ్ళో ఈ ఆట మొదలుపెట్టింది నేనే అని నాకు లోలోపల గర్వం. మిగతా అందరికీ నవ్వు. స్టాఫ్ రూములో పళ్ళాల మాస్టారు అని పేరు పెట్టారు. మా ఆవిడ సునీత నవ్వేది కాదు, నిట్టూర్చేది. నవ్వకుండా, నిట్టూర్చకుండా ఆ ఆటను ఆటలా చూసిన మనిషి ఒక్కరే. మా అత్తగారు.

ఆవిడది వినగడప. పత్తి, మిరప పండించే ఇల్లు. సునీతకి స్కూల్లో ఉద్యోగం వచ్చాక పాపను చూసుకోవడానికి మా ఇంటికి వచ్చి ఉన్నారు. కూతురి ఇంట్లో ఉండటమంటే ఆవిడకి మహా మొహమాటం. నేను హాల్లోకి వస్తే కుర్చీలోంచి లేచి నిలబడేవారు. నేను తిన్నాక గానీ తినేవారు కాదు. ఆ మొహమాటం నా మర్యాద వల్ల తగ్గలేదు, ఆట వల్ల తగ్గింది. ఒక సాయంత్రం పాపను తీసుకుని తోటకి వచ్చారు. కొంగు నడుముకి దోపి, డిస్కును చేట పట్టుకున్నట్టు పట్టుకుని ఒక్క విసురు విసిరారు. అది చెట్ల మధ్యనుంచి వంపు తిరుగుతూ వెళ్ళి గొలుసులకి తగిలి ఘల్లుమంది. బుట్టలో పడలేదనుకోండి. అయినా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎంత నవ్వారో! అప్పటినుంచి ప్రతి ఆదివారం నాతో వచ్చేవారు. గడ్డిలో పోయిన డిస్కుల్ని నాకంటే ముందు కనిపెట్టి, "అల్లుడుగారూ, మీ మూత ఇదిగోనండి" అని చేతికిచ్చేవారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ తోటలో ఆవిడ వెనక నడుస్తుంటే నాకు ఏదో దొరికినట్టుండేది. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. ఇదీ ఒక తప్పేనేమో.

ఇక బ్యాగు సంగతి. డిస్కుల్లో దూరం విసిరేవి వేరు, దగ్గరికి విసిరేవి వేరు. అన్నిటినీ బియ్యం సంచిలో వేసుకుని తిరిగేవాణ్ణి. అప్పుడు ఒక కొత్త కంపెనీ ప్రకటన చూశాను. ఈ ఆట కోసమే ప్రత్యేకంగా కుట్టిన బ్యాగు, రెండు భుజాలకీ తగిలించుకునేది, డిస్కులకి అరలు, కింద పెడితే దానంతటదే నిలబడటానికి మడత కాళ్ళు. ఇంకా తయారు కాలేదు, ముందు బుక్ చేసుకున్నవాళ్ళకే మొదట పంపుతారట. మొదట అనే మాట నాకు చాలదా? ఆ క్షణమే బుక్ చేశాను.

ఆ తర్వాత నెలల తరబడి ఎదురుచూపులు. కొద్దిగా ఆలస్యమవుతోంది అని ఒక మెసేజ్. ఇంకొద్దిగా అని ఇంకొకటి. మీరు మా తొలి కుటుంబ సభ్యులు అని మరొకటి. చివరికి మేమంతా వరండాలోనే కూర్చుని ఉండగా, ఇంటికి తాళం వేసి ఉంది కాబట్టి పార్సెల్ వెనక్కి వెళ్ళిందని కొరియర్ వాళ్ళ కబురు. ఎట్టకేలకు వచ్చింది. ముదురాకుపచ్చ అడిగితే నారింజ రంగు పంపారు. జిప్పు సగం దాకా వచ్చి మొరాయించేది. మడత కాళ్ళు తెరుచుకోకపోవడంతో నిలబెడితే బోర్లా పడేది. వేసుకుని వీధిలోకి వెళితే షేర్ ఆటో అతను బిర్యానీ ఎవరింటికి సార్ అన్నాడు. అయినా నేను ఒప్పుకున్నానా? కొత్త కోడల్ని వెనకేసుకొచ్చినట్టు ఆ బ్యాగుని వెనకేసుకొచ్చాను. కొత్తది కదా, సర్దుకుంటుంది అనేవాణ్ణి. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా గట్టి సరుకండీ అన్నారు. నన్ను సంతోషపెట్టడానికి అన్నారని ఇప్పుడు అర్థమవుతోంది.

దాన్ని తోటకి తీసుకెళ్ళిన మొదటి రోజు పాపకి జ్వరం. ఆవిడ ఇంట్లోనే ఉండిపోయారు. డిస్కులన్నీ సర్దుకుని, బ్యాగు భుజాన వేసుకుని గట్టు దాటుతున్నాను. ఎడమ పట్టీ పైకుట్టు పర్రుమని ఊడింది. డిస్కులు బురదలో దొర్లాయి. చుట్టూ ఎవరూ లేరు. ఆ రోజు ఆవిడ పక్కన ఉండి ఉంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం, ఈ కథే ఉండేది కాదు.

ఎందుకు చెప్పలేదు? ఇంటికెళ్ళి, తెగిందే అంటే సరిపోయేది. కానీ నెలల తరబడి ఆ బ్యాగు గొప్పలు చెప్పిన నోరు నాది. సునీత నిట్టూర్పు, స్టాఫ్ రూము నవ్వు రెండూ ముందే వినిపించాయి. కంపెనీకి రాస్తే, మీ సూచనకు ధన్యవాదాలు, తర్వాతి విడతలో కుట్టు బలపరుస్తాం అని జవాబిచ్చారు. అంటే లోపం వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. నేను మాత్రం పట్టీని జిగురుతో అతికించి, రెండో పట్టీతో హాల్లో మేకుకి తగిలించి, వానలు తగ్గాక వెళ్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను.

దసరా వచ్చింది. మా వైపు ఆ రోజు ఎవరి పనిముట్లు వాళ్ళు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకుంటారు. నేను బంతిపూలకీ గుమ్మడికాయకీ బజారుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పెరట్లో నా బండి తళతళలాడుతోంది. పక్కన పాప సైకిలు. ఆ పక్కన మా అత్తగారు తడిచేతులతో నిలబడి ఉన్నారు. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న నారింజ రంగు బ్యాగు. రెండో చేతిలో పట్టీ కొస.

"అల్లుడుగారూ, నేనే తెంపేశానండి." ఆవిడ పట్టీ కొస నావైపు చాపారు. "ఇది కూడా మీ పనిముట్టే కదా, కడిగి బొట్టు పెడదామని నానబెట్టాను. కాస్త గట్టిగా పిండానో ఏంటో, చేతికి ఊడొచ్చేసిందండి."

పిండి చేతులతో సునీత వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏంటమ్మా నువ్వు! ఆయన ఎన్ని నెలలు ఎదురుచూశారో తెలుసా దానికోసం?"

అందరూ నావైపు చూశారు. ఆ కాసేపట్లో నేను చెప్పగలిగేవాణ్ణి. అది ముందే తెగిందండీ, జిగురు పెట్టి అతికించాను, నీళ్ళకి జిగురు వదిలింది అని. ఎంత చిన్న మాట! నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే.

"పోనీలెండి అత్తయ్యగారూ. కావాలని చేశారా ఏంటి. వదిలేయండి."

ఇదీ నేను చేసిన పని. తప్పు చేయని మనిషిని నేను క్షమించాను. తిట్టి ఉన్నా ఇంత నీచంగా ఉండేది కాదేమో. తిడితే ఆవిడ లోపలైనా నాతో పోట్లాడుకునేవారు. క్షమించేసరికి ఆవిడకి ఆ దారి కూడా లేకుండా పోయింది. సునీత కళ్ళలో నామీద గౌరవం కనపడింది, పెళ్ళయ్యాక అంత గౌరవం అదే మొదటిసారి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అది నాకు బాగుంది. ఆ బాగుండటం కోసమే తర్వాత కూడా నోరు మూసుకున్నానా? ఎన్నిసార్లు అడుక్కున్నా నాకు వేరే జవాబు దొరకలేదు.

ఆ రోజు ఆవిడ పండగ భోజనం సరిగా తినలేదు. మధ్యాహ్నం పెరట్లో కూర్చుని, గోనెసంచులు కుట్టే దబ్బనంతో నైలాన్ దారం వేసి ఆ పట్టీని కుట్టారు. వంకరటింకర కుట్టు, లోపలివైపు ముడులు. అవే ఇప్పటికీ నా భుజాన్ని ఒరుస్తున్నాయి. తర్వాత ఏళ్ళలో ఆ బ్యాగులో జిప్పు పోయింది, కాళ్ళు ఊడాయి, అరలు చిరిగాయి. ఆ కుట్టు మాత్రం కదల్లేదు.

ఆవిడలో మాత్రం ఏదో సడలింది. ఆదివారాలు తోటకి రావడం మానేశారు, మోకాళ్ళ నొప్పులన్నారు. నా టిఫిన్ బాక్సు కడగాలన్నా, కడగొచ్చాండీ అని అడిగేవారు. నేను హాల్లోకి వస్తే మళ్ళీ లేచి నిలబడటం మొదలైంది. పత్తి తీతలు మొదలయ్యే సమయానికి, ఇంట్లో మనిషి కావాలంటున్నారని చెప్పి వినగడప వెళ్ళిపోయారు. పాప గేటు పట్టుకుని ఏడ్చింది. పాప ఏడుపుకి కారణం నేనని ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఆపాలనుకున్నాను. బస్సు ఎక్కించి వచ్చాను.

ఆ తర్వాత చుట్టాల్లో అదొక కథ అయిపోయింది. చెప్పేది ఎవరో కాదు, ఆవిడే. ఏ పెళ్ళిలో కలిసినా, మా అల్లుడు బంగారమండీ, అంత ఇష్టపడి తెప్పించుకున్న బ్యాగు పాడుచేస్తే ఒక్క మాట అన్లేదు అని చెప్పేవారు. నేను తల వంచుకునేవాణ్ణి. అది కూడా వినయం కింద చెల్లిపోయేది.

మొన్నీమధ్య పాపకి స్కూల్లో బహుమతిగా గాజు షీల్డు ఇచ్చారు. అమ్మమ్మకి చూపించాలని వినగడప తీసుకెళ్ళాం. చేతికివ్వబోతే ఆవిడ రెండు చేతులూ వెనక్కి లాక్కున్నారు. "అమ్మో, నాకొద్దే. నా చేతులసలే మొరటువి, మీ నాన్న బ్యాగు సంగతి తెలుసు కదా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనవరాలు గెలుచుకున్న దాన్ని ఆవిడ దూరంనుంచే, చేతులు కొంగులో చుట్టుకుని చూశారు. ఇక నావల్ల కాలేదు.

తర్వాతి ఆదివారం తోటకని చెప్పి, బ్యాగు తగిలించుకుని ఒక్కణ్ణే వినగడప వెళ్ళాను. ఆవిడ వరండాలో చింతపండు గింజలు తీస్తున్నారు. లేవబోతే, కూర్చోండి అని నేను కిందే కూర్చున్నాను. చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. గట్టు, బురద, జిగురు, మేకు అన్నీ కలగాపులగంగా చెప్పేశాను.

"నేను కడిగేసరికే తెగి ఉందా?" అన్నారు.

"తెగి ఉందండి."

ఆవిడ చింతపండు అంటిన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఆవిడ పోనీలెండి అంటారని నాలో ఒక మూల ఆశ ఉంది, దాచడం దేనికి. ఆవిడ అనలేదు. అమ్మాయికి తెలుసా అని మాత్రం అడిగారు. తెలియదన్నాను. లేచి లోపలికి వెళ్ళారు. కూర్చుని ఎదురుచూశాను. అప్పుడు గమనించాను, నాకు భయంగా లేదు. ఎన్నాళ్ళకో ఊపిరి కడుపుదాకా వెళ్ళింది. సునీతకి నోటితో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. మీకంటే ముందు తనే చదువుతుంది. నన్ను బంగారమన్న చుట్టాలందరూ కూడా చదవాలి.

ఆవిడ తిరిగి వచ్చారు. చేతిలో దబ్బనం, నైలాన్ దారం ఉన్నాయి. బ్యాగుని తనే ముందుకి లాక్కుని కుడి పట్టీని గట్టిగా గుంజి చూశారు. నా వస్తువుని ఆవిడ అడక్కుండా ముట్టుకుని ఎన్నేళ్ళయిందో.

"ఇది కూడా ఊడేట్టుంది. ఈసారి మీరే కుట్టుకోండి" అని దబ్బనం నా ముందు పెట్టి, మళ్ళీ చింతపండు దగ్గర కూర్చున్నారు.

కుట్టాను. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. నా కుట్టు ఆవిడ కుట్టుకంటే వంకరగా వచ్చింది. ఆవిడ గింజలు తీస్తూ చూస్తూనే ఉన్నారు. నేను ముడి వేసేదాకా ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు.