కొలవని గ్యాసుకు సున్నా

నాకు సున్నా అంటే ఒళ్లు మండుతుంది. కోడు రాసేవాళ్లలో ఈ జబ్బు నాకొక్కదానికే ఉందేమో, ఉండనివ్వండి.

పటాన్‌చెరులో ఒక మెడికల్ షాపు పై అంతస్తులో మా ఆఫీసు. చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలకు జావాలో సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తాం. గుమ్మడిదల వైపున్న ఒక ఫ్యాక్టరీకి మేం చేసింది ట్యాంకుల్లోకి మనుషులను దింపే ముందు చూసుకునే స్క్రీను. లోపల విషవాయువు ఎంతుందో మీటరుతో కొలిచి ఆ అంకె ఎక్కిస్తారు. అంకె ఎక్కువుంటే ఎరుపు, తక్కువుంటే పచ్చ. పచ్చ వస్తేనే మనిషి లోపలికి దిగాలి. మా అన్న ఆ ఫ్యాక్టరీలోనే ట్యాంకులు కడిగే పని చేస్తాడు. పొద్దున పొలం, ఆ తర్వాత డ్యూటీ.

అక్కడి షిఫ్టు వాళ్లకు ఒక పద్ధతి ఉంది. రెండు బ్లాకులకూ కలిపి మీటరు ఒక్కటే. అది పక్క బ్లాకులో ఉంటే, కొలవని ట్యాంకుకు అంకె వేయరు. గడి ఖాళీగా వదిలేస్తారు. అన్నను అడిగితే, "మేము సూడని దానికి అంకె ఎట్ల రాస్తం చెల్లె? గది పాపం గాదా?" అన్నాడు. నిజాయితీ గల పద్ధతి. ఆ నిజాయితీని మా కోడు మట్టిలో కలిపింది.

డేటాబేసులోంచి వచ్చిన ఒక్కో వరుసనూ జావాలో ఒక్కో ఆబ్జెక్టుగా, అంటే వివరాల మూటగా, మారుస్తాం. ట్యాంకు పేరు పేరులోకి, తేదీ తేదీలోకి, అంకె అంకెలోకి. మరి గడి ఖాళీగా ఉంటే? అంకె తెమ్మని పంపిన గెట్‌ఇంట్ అనే ఆదేశం నోరు మెదపకుండా సున్నా తెచ్చి చేతిలో పెడుతుంది. తెచ్చింది నిజంగా సున్నాయేనా, లేక అక్కడేమీ లేదా అని కోడులో ఇంకొక్క వరుస రాసి అడగాలి. మా టీం లీడ్ ఆ వరుస రాయలేదు. దాంతో 'తెలియదు' అన్నది స్క్రీను మీదికి వచ్చేసరికి 'గ్యాసు లేదు' అయింది. పైగా పచ్చగా వెలిగింది.

పరీక్షిస్తున్నప్పుడే ఇది పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఖాళీ కనబడితే వాళ్ల పెద్దసార్లు వంద ప్రశ్నలు అడుగుతరమ్మా. పచ్చగుంటే అందరు ఖుషీ. నువ్వు జెర నీ పని సూస్కో," అన్నాడు.

మెయిల్ పెట్టాను. మళ్లీ పెట్టాను. టీ చల్లారిందని ఆఫీసంతా వినబడేలా అరిచే మనిషి, నా మెయిలుకు ఒక్క ముక్క జవాబివ్వలేదు. వరుసంటే ఒక్క వరుస! రాయడానికి ఆ టీ తాగేంత సేపు కూడా పట్టదు.

తర్వాత ఒక మధ్యాహ్నం మీటరు పక్క బ్లాకులో ఉంది. గడి ఖాళీగా ఉంది. షిఫ్టు ఇన్‌చార్జి తన గదిలో కూర్చుని స్క్రీను చూశాడు. పచ్చగా ఉంది కాబట్టి అన్నను దిగమన్నాడు. పచ్చ వచ్చిందంటే ఎవరో కొలిచే ఉంటారనుకుని దిగిన అన్న ట్యాంకు అడుగున స్పృహ తప్పి పడిపోయాడు. పైన తాడు పట్టుకున్న బీహార్ కార్మికుడు అరుస్తూ లాగకపోతే ఈ రోజు నాకు అన్న లేడు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషికి ఫ్యాక్టరీ వాళ్లిచ్చింది నోటీసు. తాగి డ్యూటీకి వచ్చాడట. ట్యాంకులో గ్యాసు సున్నా కదా, మరి మనిషి ఎందుకు పడతాడు, తాగే ఉంటాడు అని వాళ్ల తెలివి. బోనాలకు కూడా చుక్క ముట్టని మా అన్న! వదిన వాకిట్లోకి రావడం మానేసింది. ఉద్యోగం ఒకటే కాదు, ఊళ్లో అన్న పేరు కూడా పోతోంది.

విచారణకు మా టీం లీడ్‌ను పిలిచారు. వద్దంటున్నా నేనూ వెళ్లాను. అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"స్క్రీన్ల జీరో ఉన్నది. కంప్యూటర్ అబద్ధం చెప్తదా?" అన్నాడు మేనేజరు. మా టీం లీడ్ చెప్పదన్నట్టు తల ఊపాడు. అది చూశాక ఇక నన్ను నేను ఆపుకోలేదు.

లాప్‌టాప్ తెరిచి డేటాబేసులో అన్న పడిపోయిన రోజు గడి ఖాళీగా ఉండటం చూపించాను. ఎవరూ కొలవలేదని, ఆ సున్నాను మా కోడే పుట్టించిందని చెప్పాను.

"అదంత టెక్నికల్ ముచ్చట. మాకు స్క్రీనే రికార్డ్," అన్నాడు మేనేజరు.

అప్పుడు అదే ట్యాంకుకు విచారణ జరుగుతున్న రోజు స్క్రీను తీశాను. ఆ పొద్దు కూడా ఎవరూ కొలవలేదు. సున్నా. పచ్చ.

"ఇగో సార్, ఇప్పుడు గూడ జీరోనే. కంప్యూటర్ అబద్ధం చెప్పదు గద. పాండ్రి, ముందుగాల మీరే దిగుండ్రి," అని టీం లీడ్ వైపు తిరిగాను. "మీరు గూడ రాండ్రి సార్. మీరు రాసిందే గద."

మేనేజరు స్క్రీను చూశాడు. కిటికీలోంచి ట్యాంకును చూశాడు. టీం లీడ్ తన బూట్లు చూసుకున్నాడు.

"మీరు తాగి లేరు గద సార్, ఇగ భయమేంది?" అన్నాడు అన్న తలుపు దగ్గరి నుంచి. ఆ గ్యాసుకు గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.