బస్సు మెట్టంత అరుగు

తర్లగూడలో రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక ఇంటి అరుగు మీద బస్సు కోసం కూర్చున్నాను. ఎండబోసిన ఇప్పపువ్వును పక్కకు నెట్టి, ఇంటావిడే చోటిచ్చింది. బస్సు ఆ అరుగు దగ్గరే ఆగుతుందట.

"మా అత్తకు మోకాళ్ళ నొప్పులు సారూ. బస్సు ఎక్క రాకపోతుండె. బస్సు ఆగినప్పుడు దాని మెట్టుకు కట్టె ఆనిచ్చి కొలిసిన. అరుగు గంతే ఎత్తు కట్టిన," అంది.

నేను హైదరాబాదులో ఆర్కిటెక్టుని. మెట్రో స్టేషన్లనూ ఇళ్ళనూ కలిపి కట్టే ప్లాన్లు గీయడమే నా పని. ఐదేళ్ళుగా గీస్తూనే ఉన్నాను, ఒక్క గోడా లేవలేదు. ఆ ప్లాన్లు గీయడానికి నేను మాత్రం రోజూ గంటన్నర ప్రయాణం చేసి ఆఫీసుకు వెళ్తాను. కడుపు మండిపోయింది. ఏదో ఒక తప్పు పట్టకుండా ఉండలేకపోయాను.

"వేరే బస్సు వస్తే ఎలా అక్కా? దాని మెట్టు ఇంకా ఎత్తుగా ఉంటే?"

"వేరే బస్సేంది సారూ? మాకున్నదే ఒక్కటి."

అంతలో ఆ ఒక్క బస్సూ వచ్చి అరుగుకు ఆనుకుని ఆగింది. ఇంట్లోంచి వాళ్ళత్త వచ్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేసింది. వెనకాలే నేను. కాస్తయినా కాలెత్తాల్సి వస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో!

రాలేదు.