రొయ్యకు ల్యాబు, నాకు పసరు

కోట మండలంలో రొయ్యల గుంటలు చేసేవాడికి తన కాలేయం ఎక్కడుందో తెలియకపోయినా, రొయ్య కాలేయం ఎక్కడుందో తెలుస్తుంది. తలలోనే ఉంటుంది, గోధుమరంగు ముద్దలా. పొద్దున్నే గుంటలోంచి మేత ట్రే పైకి లాగి, రొయ్యను వెలుతురుకు పట్టి, ఆ ముద్ద రంగు చూడటం మా సంధ్యావందనం. ముద్ద కాస్త పాలిపోయినా, నీళ్ళమీద తెల్లటి దారాల్లా రెట్ట తేలినా, రొయ్యల్ని కవర్లో వేసుకుని గూడూరు ల్యాబుకు పరుగెత్తుతాం. ఆ పరుగులో నాదే ముందు వరస. గట్టుమీద నన్ను అందరూ జాగ్రత్తపరుడనేవాళ్ళు.

ఆ జాగ్రత్తపరుడి కళ్ళు పోయిన ఎండాకాలం పచ్చబడ్డాయి. అన్నం సయించలేదు. మూత్రం కాఫీ డికాషన్‌లా దిగుతోంది. ల్యాబుకు వెళ్ళానా? రొయ్యనైతే వెళ్ళేవాణ్ణే.

"కామెర్లకి ఇంగ్లీషు మందు లేదు బావా," అన్నాడు నా బావమరిది. "నాకు తగ్గలా? పసరు తాగినా, లేచి కూర్చున్నా."

అతనికి అంతకుముందు సంవత్సరం కామెర్లు వచ్చి తగ్గిన మాట నిజమే. మా ఊళ్ళో ఏ రోగమైనా ఒకసారి వచ్చి తగ్గిందంటే, ఆ మనిషి దానికి స్పెషలిస్టు.

పసరు పోసేది ఆదివారం, పరగడుపున. బావమరిది బండి వెనక కూర్చుని వెళ్ళాను. పసరాయన పందిరి కింద అప్పటికే నాలాంటివాళ్ళు బారులు తీరి ఉన్నారు. పచ్చగా ఉండమని పెద్దలు దీవించింది మమ్మల్నే కాబోలు. ఆయన నా అరచేతులకు ఏదో ఆకు నలిపి రుద్ది, సున్నపునీళ్ళ పళ్ళెంలో కడగమన్నాడు. నీళ్ళు పచ్చగా మారిపోయాయి.

"చూసినావా అబ్బయా, ఎట్టా దిగతా ఉండాదో!"

నేను చేతులు జోడించబోయాను. ఈలోగా బావమరిది సరదాపడి తనూ చేతులు రుద్దించుకుని, కొత్త నీళ్ళలో కడిగాడు. అవీ పచ్చగానే మారాయి. పసరాయన తడుముకోలేదు.

"నీక్కూడా లోపల కొంచెం మిగిలుండాది. నువ్వు కూడా తాగు."

బావమరిది ముఖం తెల్లబడింది. అక్కడే మాకు జ్ఞానోదయం కావలసింది. కాలేదు. ఇద్దరం బుద్ధిగా తాగాం.

తర్వాత పథ్యం. నూనె లేదు, కారం లేదు, చేపల పులుసు మాటే ఎత్తకూడదు. గాలిలో కూడా ఉప్పు తగిలే ఊళ్ళో నాకు ఉప్పు లేని గంజి. ఒళ్ళంతా దురద మొదలైంది. "పసరు పని చేస్తా ఉండాది బావా," అన్నాడు స్పెషలిస్టు. నడవలేకపోతున్నానన్నా అదే మాట. ఆ రోజుల్లో మా ఇంట్లో మగవాళ్ళు చేసిందేమీ లేదు, పని చేసిందల్లా పసరు ఒక్కటే.

ఒక పొద్దున మలం బంకమట్టిలా తెల్లగా వచ్చింది. నేను గెలిచినవాడిలా బయటికొచ్చి, వసారాలో చేపలు తోముతున్న నా భార్యకు శుభవార్త చెప్పాను. పచ్చ మొత్తం దిగిపోయింది, ఇప్పుడు తెల్లగా పోతోందని.

ఆమె చేతిలో చేప ఆగింది. "ఏందీ, తెల్లగానా?"

"తెల్లగానే. లోపలంతా కడిగేసినట్టు."

"రొయ్యలకి తెల్లగా పోతే గూడూరు దాకా పరిగెత్తిందెవురయ్యా? నీకు పోతే పండగ చేసుకుంటుండావా? రొయ్య పాటి చెయ్యవా నువ్వు?"

"అక్కా, పసరు ఇంకో వారం..." అని బావమరిది నసిగాడు.

"నువ్వు నోరు మూసుకోని కారు మాట్లాడు పో!"

కారు నెల్లూరు చేరేసరికి నాకు చలిజ్వరం పట్టుకుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. రక్తపరీక్షలు, స్కానింగు అయ్యాక డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది.

"కామెర్లనేది రోగం కాదండీ, రోగానికి గుర్తు. మలానికి రంగునిచ్చేది పిత్తరసం. అది పోయే గొట్టంలో మీకు రాయి అడ్డంపడింది. పేగుల్లోకి పోవాల్సింది రక్తంలోకి పోతోంది. కళ్ళు పచ్చబడటం, దురద, అన్నీ దానివల్లే. ఇప్పుడు అక్కడ చీము కూడా పట్టింది. ఇంకా ఆలస్యం చేసుంటే ప్రాణం మీదికే వచ్చేది."

"నాకు పసరుతోనే తగ్గింది మేడం," అన్నాడు బావమరిది, పరువు కోసం.

"మీకొచ్చింది నీళ్ళవల్ల వచ్చే వైరస్ అయుంటుంది. చాలామందికి విశ్రాంతితో దానంతటదే తగ్గుతుంది. మీరు గోళీసోడా తాగినా తగ్గేది. అన్నట్టు, కొన్ని పసర్లు కాలేయాన్నే పాడుచేస్తాయి. ఎన్నిసార్లు తాగారు?"

బావమరిది తన అరచేతులు చూసుకున్నాడు.

చీముకు సూదులు వేశారు, నోట్లోంచి గొట్టం దించి రాయి తీశారు. కాస్త కోలుకున్నాక, రాళ్ళకు పుట్టిల్లయిన పిత్తాశయాన్ని కూడా తీసేశారు. కందిపప్పంత రాయి. దాన్ని చూసి నాకు చిన్నతనమనిపించింది. మనిషిని చంపబోయిన రాయికి కాస్త గౌరవప్రదమైన సైజు ఉండొద్దూ?

ఇప్పుడు బాగున్నాను. పులుసు తింటున్నాను. పసరాయన పందిరి కింద జనం తగ్గలేదు. బావమరిది మాత్రం ఎవరికైనా కళ్ళు పచ్చబడితే పసరు మాట ఎత్తకుండా, ముందు గొంతు తగ్గించి మలం రంగు అడుగుతున్నాడు. పెళ్ళిపందిట్లో అయినా సరే.

గుంటల దగ్గర ట్రే ఇప్పటికీ నేనే లాగుతాను. ఇంట్లో ఆ పని నా భార్య తీసుకుంది. పొద్దున నేను మరుగుదొడ్డి తలుపు వేసుకోగానే బయటనుంచి గొంతు వినిపిస్తుంది.

"ఏమయ్యా, ఏం రంగు?"

గోడ అవతల పక్కింటావిడ చీపురు చప్పుడు కూడా జవాబు కోసం ఆగుతుంది. నేను ఇద్దరికీ వినపడేలా చెబుతాను.